తలదిండుకు తుమ్ములతో వ్రాయునది

ఓ తలదిండూ,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ కుశలంగా ఉన్నది నువ్వొక్కదానివే. నేను రోజూ కళ్లు తెరవకముందే పన్నెండు తుమ్ములు తుమ్ముతున్నాను. మా ఇంట్లో అలారం పెట్టడం మానేశారు.

మూడేళ్లుగా నేను అనుమానించనివాళ్లు లేరు. పక్కింటి పూలచెట్టు, ఎదురింటి పిల్లి, ఆఫీసు ఏసీ, అందరి మీదా నింద వేశాను. మా బావమరిది సెంటు వల్లేనని తేల్చేసి ఆయనతో మాటలు కూడా పోగొట్టుకున్నాను. నిన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. పైగా ముక్కు బిగుసుకుపోయిన రాత్రుల్లో నిన్నే ఇంకాస్త దగ్గరికి లాక్కుని పడుకున్నాను.

చివరికి నాకు ఏది పడదో తేల్చడానికి డాక్టరు నా ముంజేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి, వరసగా చుక్కలు వేసి, సూదిమొనతో ఒక్కొక్కటీ గుచ్చి, పదిహేను నిమిషాలు గీరుకోకుండా కూర్చోమన్నారు. పుప్పొడి చుక్క దగ్గర ఏమీ లేదు. పిల్లి చుక్క దగ్గరా ఏమీ లేదు (ఎదురింటి పిల్లికి క్షమాపణలు). డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో బతికే పురుగు) చుక్క దగ్గర మాత్రం దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. "ఇవి ఇంట్లో ఎక్కడుంటాయండీ?" అని అడిగాను. "మీరు తల ఎక్కడ పెట్టుకుని పడుకుంటారు?" అన్నారాయన.

నల్లులైతే కుడతాయి, కంటికి కనబడతాయి, పగ పెంచుకోవడానికి ఎదురుగా ఒక శత్రువంటూ ఉంటుంది. నువ్వు అద్దెకు పెట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరూ మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండరు. ఎనిమిది కాళ్లు, సాలీడుకు చుట్టాలు. కుట్టరు, కరవరు. నా ఒంటి మీంచి రాలిన చర్మపు పొట్టు తిని బతుకుతారు. తాగడానికి నీళ్లు కూడా అడగరు, గాల్లోని తేమనే ఒంట్లోకి లాక్కుంటారు. ఇంత బుద్ధిమంతులైన అద్దెదారులు ఎవరికి దొరుకుతారు అనుకున్నాను, వాళ్ల మలం సంగతి తెలిసేదాకా. ఒక్కొక్కరూ రోజుకు 20 ఉండల దాకా వేస్తారట. నన్ను తుమ్మించేది ముఖ్యంగా వాటిలోని ప్రోటీనే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాను గానీ, వీళ్లు నన్నే తిని నా ముక్కు కిందే దొడ్డికెళ్తున్నారు.

మూడేళ్లు పట్టిందని నన్ను వెక్కిరించకు. ఇంటి దుమ్ము కొందరికి పడదని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసినా, ఆ దుమ్ములో దోషి ఈ పురుగేనని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనే శాస్త్రవేత్తల బృందం తేల్చింది 1960ల్లోనే. అప్పటిదాకా నీ వంశమంతా దర్జాగా బతికింది.

నిజం తెలిశాక కూడా నేను చేసినవి తెలివైన పనులేం కావు. నిన్ను ఎండలో వేసి కర్రతో బాదాను. నీ లోపలున్నదంతా నా మొహం మీదకే లేచింది, ఆ రోజు తుమ్ములు లెక్కపెట్టడం మానేశాను. ఎండకు కొన్ని పురుగులు చచ్చి ఉండొచ్చు, కానీ వాళ్లు మిగిల్చిన ఉండలు చావవుగా! తర్వాత వాయిదాల మీద ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాను. పిల్లి పొట్టులాంటి తేలిక రేణువులైతే గంటలకొద్దీ గాల్లో తేలుతూ దానికి చిక్కుతాయి. నీ సరుకు బరువు. కదిపినప్పుడు లేచి, కాసేపట్లోనే కిందికి దిగిపోతుంది. నేను నీలో మొహం పెట్టుకుని పడుకుంటే గది మూలనున్న మెషీన్ ఏం చేస్తుంది? రాత్రంతా పచ్చలైటు వేసుకుని "గాలి బాగుంది" అని చెబుతూ ఉంటుంది.

అందుకే ఈ కొత్త ఏర్పాట్లు. నీకు జిప్పున్న తొడుగు వేశాను. దాని నేత సందులు 10 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) చిన్నవి, నీవాళ్లెవరూ బయటికి రాలేరు. పక్క మీద తిరిగినప్పుడల్లా అది గరగరలాడుతోంది, భరించు, నేనూ భరిస్తున్నాను. పై గలీబు, దుప్పటి వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతాం. చన్నీళ్లలో ఉతికితే మలం పోతుంది గానీ పురుగులు చాలావరకు స్నానం చేసినట్టు హాయిగా బయటికొస్తాయి. గదిలో తేమ 50 శాతం దాటకుండా చూడాలి, అంతకన్నా తగ్గితే నీ అద్దెదారులు ఎండిపోతారు. కాబట్టి గదిలో తడిబట్టలు ఆరేయడం బంద్. పొడిగుడ్డతో దులపడం కూడా బంద్, అది దుమ్ముకు బదిలీ ఉత్తర్వు ఇవ్వడమే. ఇకమీదట తడిగుడ్డే.

మా అమ్మాయి ఎలుగుబంటి బొమ్మ విషయంలో మాత్రం ఇల్లు రెండుగా చీలిపోయింది. దాన్ని సంచిలో కట్టి ఒకరోజంతా ఫ్రీజర్లో పెట్టాలి, పురుగులు చస్తాయి. ఆ తర్వాత ఉతకాలి, చచ్చినవీ అవి వదిలినవీ పోవాలిగా. "దానికి చలేస్తుంది నాన్నా" అంది అమ్మాయి. ఆ పూట ఫ్రీజర్ తలుపు దగ్గర నేను పడిన టెన్షన్ నీకు తెలియదు. చివరికి ఎలుగుబంటికి నా మఫ్లర్ చుట్టి పంపించాం.

ఇవాళ పొద్దున తుమ్ములు ఏడు. పన్నెండు నుంచి ఏడుకు వచ్చాం, ఒప్పుకుంటాను. మిగతా వాటి గురించి పరుపుతో విడిగా మాట్లాడతాను. నువ్వు ముందే వెళ్లి దానికి చెప్పకు.

ఇట్లు,
మీ అందరి భోజనం