మేడ మీద సోలార్ ముద్దు, పొలంలో ఫ్యాక్టరీ వద్దు

ఆంధ్రప్రదేశ్‌లోని ఉలవపాడు మండలం కారేడు రైతులు సోలార్‌కు వ్యతిరేకులా? 2025లో వాళ్లు చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద బైఠాయించినప్పుడు అభివృద్ధి నిరోధకులని ముద్ర వేయడానికి కొందరు ఆత్రపడ్డారు. వాళ్లు అడ్డుకున్నది ఎండ నుంచి వచ్చే కరెంటును కాదు. ప్యానెళ్లు తయారుచేసే ఇండోసోల్ ఫ్యాక్టరీ కోసం వేల ఎకరాల సేకరణను. ఉలవపాడు మామిడికి పేరున్న మండలం అది. నీళ్లున్న నేలలో ఏటా పంట మీద పంట తీసే రైతు ముందు పరిహారం లెక్కలు పెడితే సరిపోదు. చెక్కు చేతికొచ్చాక ఊళ్లో తనను ఎవరని పిలుస్తారన్నది ఆయన బాధ.

అదే రైతు ఇంటి మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకుంటే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. బిల్లు తగ్గుతుంది, ఇల్లు తనదిగానే ఉంటుంది. అక్కడ పేచీ ఏముంటుంది?

మన అధికారులకు మాత్రం ప్రతి వ్యతిరేకతా అజ్ఞానంగానే కనిపిస్తుంది. మందు కూడా ఒక్కటే: అవగాహన సదస్సు. చదువు, సమాచారం ఉన్నచోట కూడా ఇది పనిచేయదు. 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఖరీదు ఎక్కువైనా కరెంటు ఆదా చేసే బల్బు మీద పర్యావరణాన్ని కాపాడండి అని స్టిక్కరు అంటిస్తే, సంప్రదాయవాద భావాలున్నవాళ్లు దాన్ని కొనడం తగ్గింది. ఆదా అంతే, బల్బు అదే. ఆ స్టిక్కరు వాళ్లకు అవతలి పక్షం జెండాలా కనిపించింది. జర్మనీ 2023 ఏప్రిల్‌లో చివరి అణు రియాక్టర్లను ఆపేసింది. పొరుగున ఫ్రాన్స్‌కు వచ్చే కరెంటులో సింహభాగం అణువుదే. రెండు దేశాల్లోనూ భౌతికశాస్త్రం ఒక్కటే కదా!

సమాచారం కన్నా మనది అన్న భావమే బలమైనదని కృష్ణపట్నం వైపు చూస్తే ఇంకా తెలుస్తుంది. నేలటూరులోని థర్మల్ కేంద్రం వదిలే బూడిద మీద, సముద్రం పాడవుతోందన్న దాని మీద ఫిర్యాదులకు కొదవలేదు. అయినా దాని నిర్వహణను ప్రైవేటుకు అప్పగిస్తారన్న మాట వచ్చినప్పుడు ఉద్యోగులు రోడ్డెక్కారు. దామోదరం సంజీవయ్య పేరున్న, సర్కారు డబ్బుతో కట్టిన ప్లాంటు మనదన్న భావం ముందు బొగ్గు మంచిచెడ్డలు వెనక్కి పోయాయి.

కనిగిరి ప్రాంతంలో లెక్క మరోలా ఉంది. 2025 ఏప్రిల్‌లో పీసీపల్లి మండలం దివాకరపల్లిలో బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు నేలలో గడ్డి పెంచి గ్యాస్ తీయాలన్నది ఆలోచన. నేల కౌలుకు ఇస్తే పాస్‌బుక్కులో పేరు మారదు. వానల్లేక వలసపోయే మెట్ట రైతుకు అది చిన్న విషయం కాదు. కౌలు సొమ్ము ఏటా ఠంచనుగా పడుతుందా అన్నదే ఇక చూడాలి.

పార్టీ అభిమానం సంగతి అందరికీ తెలిసిందే. స్మార్ట్ మీటర్లు మెడకు ఉరితాళ్లని ఒకప్పుడు ఊదరగొట్టిన నోళ్లు ప్రభుత్వం మారగానే మూతపడ్డాయి, మీటర్లు మేలని చెప్పిన నోళ్లు ఎదురు తిరిగాయి. మీటరు లోపల మారిందేమీ లేదు.

అందుకే గ్రామసభల్లో మెగావాట్ల పటం వేలాడదీసే ముందు పాస్‌బుక్కు ఎవరి పేరున ఉంటుంది, చెరువు నీళ్లు ఎవరికి, ఉద్యోగాలు ఏ ఊరికి అన్నవి రాతపూర్వకంగా చెప్పాలి. కారేడులో ఆ కాగితం ముందే చదివి ఉంటే రైతులు ఒప్పుకునేవారని కూడా నేననుకోను. మూడు పంటల భూమిని ఎంచుకోవడమే అసలు తప్పు.