నాన్నమ్మ పేరు విడుదల దస్తావేజులో దొరుకుతుంది

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈమధ్య వంశవృక్షాల మోజు పట్టుకుంది. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో తాతలు ఎప్పుడు రైలెక్కారో ఆరా తీస్తున్నారు. మంచిదే. 1953 దాకా ఆ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే కాబట్టి పాత కాగితాలు ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో చాలానే ఉన్నాయి. తీరా గీసిన చెట్టు చూస్తే ఏడు తరాల మగవాళ్లు కొమ్మకొమ్మకీ కనిపిస్తారు. పక్కన ‘భార్య’ అని ఉంటుంది, అంతే.

ఆవిడ పుట్టిల్లు ఏ ఊరు, ఎన్ని కాన్పులు, ఎంతమంది బతికారు? అడిగితే ‘అప్పట్లో ఆడవాళ్ల సంగతులు ఎవరు రాశారండీ’ అంటారు. నేనొప్పుకోను. అవసరం పడ్డప్పుడల్లా భేషుగ్గా రాశారు.

1860లో మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీలతో ‘ట్రూరో’ అనే ఓడ బయల్దేరింది. అదీ, దాని తర్వాత వెళ్లిన ఓడల జాబితాలూ చూడండి. ఆడకూలీల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, చివరికి ఒంటిమీది పుట్టుమచ్చ కూడా రాసుకున్నారు. విశాఖ జిల్లా నుంచి సముద్రం దాటిన మనిషి ఊరేదో డర్బన్‌లో ఉన్న మునిమనవడు వెతికి పట్టుకోగలడు. ఊళ్లోనే ఉండిపోయిన ఆమె చెల్లెలి పేరు ఇక్కడి మునిమనవడికి తెలియదు. తోట యజమానికి లెక్క కావాలి, రాశారు. శిస్తు కట్టేది మగవాడు, కరణానికి ఆడమనిషితో పనిలేదు.

స్వతంత్రం వచ్చాక మొదటి ఎన్నికల్లోనూ ఇదే తంతు. ‘ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు’ అని తప్ప సొంత పేరు నమోదు కాని దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను ఓటర్ల జాబితాలోంచి కొట్టేశారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లేలే అని మనం సంబరపడక్కర్లేదు. మన వంశవృక్షాలు చేస్తున్నదీ ఆ పనే.

మరి ఊళ్లో పుట్టి ఊళ్లోనే పోయిన మనిషిని ఎక్కడ వెతకాలి? నన్నడిగితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. పసుపు కుంకుమల కింద రాసిచ్చిన అరెకరం, భర్త పోయాక మైనరు పిల్లల తరఫున వేసిన నిశాని అక్కడుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, పుట్టింటి ఆస్తిలో నా వాటా వదులుకుంటున్నానని ఆడపడుచు రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజు. ‘ఒక్క వేలిముద్ర వేసి వెళ్లమ్మా’ అని అన్నదమ్ములు బండి కట్టించి తీసుకెళ్లిన రోజు తయారైన కాగితమది. ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు, వయసు, కాపురముంటున్న ఊరు, సర్వే నంబరు, వదులుకున్న వాటా హద్దులు, అన్నీ ఉంటాయి. ఎంత శ్రద్ధో! ఆమెకూ భూమి ఉందని పుట్టింటివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నది ఆ ఒక్కరోజే. అదే రోజు అది పోయింది కూడా.

కాగితాల్లో మనిషి దొరకదు, ముసలమ్మల జ్ఞాపకాలే అసలు చరిత్ర అనేవాళ్లున్నారు. పురుళ్లు, కరువులు, వలసలు వాళ్లకే గుర్తుంటాయి, కాదనను. మేనత్తల్నీ పెద్దమ్మల్నీ తప్పక అడగండి. కానీ పుట్టింటి పొలం ఊసెత్తితే ‘అన్నయ్యలకి ఇచ్చేశాన్రా, వాళ్లూ నన్ను బాగానే చూసుకున్నారు’ అని మాట మార్చేస్తారు. ఇవ్వనంటే ఏమయ్యేదో చెప్పరు. ప్రతిఫలం కింద ఎంత ముట్టిందో దస్తావేజులోనే చూడాలి.

ఇదేమీ పాత కథ కాదు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచి కొడుకులతో సమాన వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు తప్ప. 1989లో తమిళనాడు చట్టమూ అదే మెలికతో వచ్చింది. 2005లో కేంద్రం ఆ మెలిక తీసేసింది. కూతురికి వాటా రావాలంటే ఆ 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా చెన్నై నుంచి ఊరెళ్లిన ఆడపడుచు చేత విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకోవడం ఆగలేదు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, అంతే తేడా. వంశవృక్షానికి ఫ్రేము కట్టించే అన్నయ్యలే ఆ పత్రమూ రాయిస్తున్నారు. స్టాంపు ఖర్చులు మాత్రం పాపం వాళ్లే పెట్టుకుంటున్నారు.