ఆరు స్పాట్లు అక్కర్లేదు, హైదరాబాద్‌లో రోజుకో వంశం చాలు

పోయిన దసరా సెలవులకు రాజమండ్రి నుంచి మా పిన్నీ బాబాయీ మనవళ్లిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చారు. ఉన్నది ఒక్క రోజే, హైదరాబాద్ మొత్తం చూపించెయ్యమన్నారు. నేనూ అందరిలాగే ఒక బండి మాట్లాడాను. పొద్దున చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యలో ఎక్కడో భోజనం, సాయంత్రం గోల్కొండ, పోతూపోతూ ఏడు గుంబజాలు, అంటే గోల్కొండ రాజుల సమాధులు. మొత్తం ఆరు స్పాట్లు. కోట దగ్గర దింపి, గంటలో వచ్చెయ్యాలన్నాడు డ్రైవరు. పిన్ని మోకాళ్లు పట్టుకుని రాతి మెట్టు మీదే కూలబడింది. గుంబజాలను కిటికీలోంచి చూశాం. రాత్రి పెద్ద మనవణ్ణి ఏం చూశావురా అంటే "గడియారం" అన్నాడు. సాలార్‌జంగ్‌లో గంటకోసారి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది. రోజంతటిలో వాణ్ణి కాసేపు కూర్చోనిచ్చింది అక్కడొక్కచోటే మరి.

డ్రైవర్ని ఏమనాలి? ఎన్ని కవరయ్యాయని అడిగేది మనమే. అయితే నా అసలు కంప్లయింట్ తొందర గురించి కాదు, వరస గురించి. ఈ రూట్లో చరిత్ర తలకిందులైపోతుంది. ముందు చార్మినార్ చుట్టూ తర్వాత లేచిన ఊరు, ఆపైన ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల చౌమహల్లా, అన్నిటికన్నా చివర్న అందరికన్నా ముందున్న కోట. తాతను ఆఖర్న పరిచయం చేసినట్టు. హైదరాబాద్ నిజానికి పడమట కొండ మీద మొదలై తూర్పుకు, ఏటివైపు దిగింది. గోల్కొండలో జనం కిక్కిరిసి, నీళ్లకు కటకటైతే, 1578లో మూసీ మీద వంతెన పడింది, 1591లో అవతలి ఒడ్డున చార్మినార్ లేచింది. ఊరు నడిచిన దారినే మనమూ నడిస్తే సగం కథ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

డిసెంబరులో ఒక పెళ్లికి వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి గోల్కొండనేలిన కుతుబ్‌షాహీలు మాత్రమే, ఇంకెవరూ వద్దన్నాను. పొద్దున్నే గోల్కొండ. లోపలికి అడుగు పెట్టగానే గుమ్మటం కింద అందరూ చప్పట్లు కొడతారు, ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది, గైడ్లలో చాలామందికి కోట అక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం ఆ చప్పట్ల పక్కనే 1687 గుర్తొస్తుంది. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని కోట, లంచం తిన్న లోపలివాడు తలుపు తీస్తే పడిపోయింది. కింద చప్పట్లు కొడితే పైకి వినబడేట్టు కట్టుకున్నారు కానీ, డబ్బు చేతులు మారే చప్పుడు ఎవరికీ వినబడలేదు.

పిన్ని పైదాకా ఎక్కలేదు, రామదాసు చెరసాల దగ్గరే ఆగిపోయింది. చీకటి గది, పైన కప్పులో కన్నం, అందులోంచి పడే కాస్త వెలుతురు, గోడమీద ఆయనే చెక్కాడని చెప్పే రాముడు, ఆంజనేయుడు. మనకు తెలిసిన కథ భద్రాచలం వైపు నుంచి విన్నది. ఇక్కడ నిలబడితే ఇంకో వైపు కూడా కనిపిస్తుంది. పాల్వంచ తహసీల్దారు గోపన్న సర్కారు సొమ్ము గుడికి పెట్టాడు, ఆయన మేనమామలు అక్కన్న మాదన్నలు అదే సర్కారును నడుపుతున్నారు, జైల్లో పెట్టించిన రాజు తానీషా పేరే సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీతోనూ ముడిపడి ఉంది. ఇన్ని చిక్కుముళ్లున్న గదికి మొన్న మాకు రెండు నిమిషాలు కూడా దక్కలేదు.

అక్కణ్ణుంచి గుంబజాలు దగ్గరే. ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి దగ్గర బాబాయి చాలాసేపు ఉండిపోయారు. రిటైరైన తెలుగు మాస్టారు కదా, తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఈ ఇబ్రహీం ఆయనకు మనవాడే. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నది ఈయనే. విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏళ్ల తరబడి తలదాచుకున్నదీ ఈయనే, 1565లో ఆ రామరాయల మీదికే యుద్ధానికి వెళ్లినదీ ఈయనే. "తెలుగు నేర్పినవాళ్ల మీదికే వెళ్లాడన్నమాట" అన్నారు బాబాయి. ఇక తానీషా సమాధి కోసం వెతక్కండి, ఇక్కడ లేదు. ఆయన్ని దౌలతాబాద్ కోటలో బందీగా ఉంచారు, పోయాక ఖుల్దాబాద్‌లో పూడ్చారు. తాతముత్తాతల పక్కన చోటు దొరకని ఆఖరి రాజు. కోట ఎలా పోయిందో పొద్దున్నే చూసి వచ్చిన పిల్లలకు ఇది వేరే వివరించాల్సిన పని లేకపోయింది.

భోజనమయ్యాక పురానాపూల్, ఆ 1578 వంతెనే. ఏ ప్యాకేజీలోనూ ఉండదిది. కూరగాయల బేరాల మధ్య నిలబడి, ఇది చార్మినార్ కన్నా 13 ఏళ్లు పెద్దదని చెబితే చిన్నవాడు నమ్మలేదు. ఊరి కన్నా ముందు వంతెనెందుకు కడతారు అన్నాడు. నిజమే, మంచి ప్రశ్న. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే సరుకు ఏరు దాటాలి కదా. వంతెన పడ్డాక అవతల ఊరు పెరగడం పెద్ద వింతేం కాదు.

మరి సాలార్‌జంగ్ చూడకపోతే ఎలా అంటారు చాలామంది. చూడండి, కానీ దానికి ఒక రోజంతా ఇవ్వండి. చౌమహల్లా వేరే వంశం, వేరే శతాబ్దం, దాన్ని ఇంకో సెలవుకు దాచుకుంటే వచ్చే నష్టమేమీ లేదు. మళ్లీ రాలేమేమో అన్న బెంగ ఉంటుంది, కాదనను. కానీ బండి దిగకుండా చూసిన గుంబజాలు చూసినట్టేనా?

సాయంత్రానికి హుస్సేనీ ఆలం మీదుగా చార్మినార్ చేరాం. పైకి ఎక్కే ఓపిక ఎవరికీ లేదు, ఎక్కలేదు. లాడ్‌బజార్‌లో పిన్ని రెండు డజన్ల గాజులకు ముప్పావుగంట బేరమాడింది. టైమైపోయిందని హారన్ కొట్టేవాడెవడూ లేడు.