మల్టీమీటర్ ఉన్న ఇళ్లపై నిఘా పెట్టాలి

ఇండక్షన్ స్టవ్ ఆగిపోతే మర్యాదస్తుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మెకానిక్ వస్తాడు, స్టవ్‌ను బోర్లా తిప్పి చూస్తాడు, "బోర్డు పోయిందండీ" అంటాడు. బోర్డు ఖరీదుకు ఇంకొన్ని వందలు కలిపితే కొత్త స్టవ్వే వస్తుందని ఆయనే లెక్క చెప్పి పుణ్యం కట్టుకుంటాడు. పాతది అటకెక్కుతుంది. ఇంత సాఫీగా నడుస్తున్న వ్యవస్థకు కొందరు గృహస్థులు తూట్లు పొడుస్తున్నారు. కేంద్రం 2022 డిసెంబరు 24న వస్తువుల రిపేరు సమాచారం జనానికి అందించే రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచి అగ్నికి ఆజ్యం పోసింది కూడా.

ఈ నేరం ఎలా జరుగుతుందో ప్రజలకు తెలియాలి కనుక వివరాలు రాయక తప్పదు.

ముందు ప్లగ్ పీకేస్తారు. అడుగు స్క్రూలు విప్పి, కాయిల్ తీగలు రెండూ ఊడదీసి, కరెంటును నిల్వ ఉంచుకునే 5 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో మిగిలిన చార్జిని, బల్బు పెట్టిన హోల్డర్ తీగలు తాకించి దించేస్తారు. అందులో 325 వోల్టుల దాకా ఉండొచ్చు కాబట్టి ఈ విషయంలో నేరస్థులు చాలా జాగ్రత్తపరులు. ఫ్యూజు పోయి ఉంటే కొత్తది వేసి ఊరుకోరు, ఎందుకు పోయిందని కూపీ లాగుతారు. వేడి లాగేసే లోహపు దిమ్మకు (హీట్‌సింక్) బిగించిన, కాయిల్‌కు కరెంటును చకచకా ఇచ్చి ఆపే మూడు కాళ్ల ఐజీబీటీని, పక్కనే ఉన్న, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్‌ను మల్టీమీటరుతో పరీక్షించి పట్టుకుంటారు. ఐజీబీటీ నడిమి కాలికీ ఎమిటర్ అనే పక్క కాలికీ మధ్య ఎటు తిప్పి పెట్టినా మీటరు కుయ్యిమంటే అది షార్టయినట్టే.

ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి పడేసే సంప్రదాయవాదులు మాత్రం వ్యవస్థకు మిత్రులు. వాళ్ల చలవతో బోర్డు మీది రాగి గీతలు కూడా కాలి బోర్డు నిజంగానే పోతుంది.

ముదుర్లు ఇంకా లోతుకు వెళ్తారు. కొత్త ఐజీబీటీ వేయగానే మళ్లీ ఢాం అనడానికి చాలాసార్లు కారణం, కాయిల్‌తో జతగా పనిచేసే 1200 వోల్టుల కెపాసిటర్. దాని మీద 0.3 మైక్రోఫారడ్ అని ఉంటుంది, కొలిస్తే 0.2 కూడా రాదు. దాన్నీ మారుస్తారు. ఐజీబీటీ గేటు కాలికి సిగ్నలిచ్చే 8050, 8550 ట్రాన్సిస్టర్లనూ వదలరు. హీట్‌సింక్‌కు పాత పేస్టు తుడిచి కొత్తది పలచగా రాస్తారు.

తర్వాత సిరీస్ బల్బు. ఫేజు తీగలో 100 వాట్ల బల్బు పెట్టి ప్లగ్ ఇస్తే, అది నిండుగా వెలిగి అలాగే ఉంటే షార్టు ఇంకా పోలేదు. ఒకసారి మినుక్కుమని ఆరి, డిస్‌ప్లే వస్తే సగం గెలిచినట్టు. వంట మాత్రం బల్బు తీసేశాకే. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఫిలమెంటుదే కావాలి. దుకాణంలో పాత రకం బల్బు అడిగే మనిషి కనిపిస్తే వెంటనే అనుమానించండి. బల్బు ఉన్నా బోర్డంతా కరెంటేనని, హీట్‌సింక్‌ను ముట్టుకోకూడదని వీళ్లకు తెలుసు. అందుకే దొరకడం లేదు.

ఇక బటన్లు పనిచేయని స్టవ్‌లో పోయేది తరచుగా ఐదు రూపాయలు కూడా చేయని 6 మిల్లీమీటర్ల స్విచ్చి. ఎర్రర్ చూపించి ఆగిపోయేదాంట్లో కాయిల్ మధ్యనుండి వేడిని కనిపెట్టే థర్మిస్టర్ తీగ తెగి ఉండొచ్చు. బాగున్నది గది వేడిమిలో సుమారు 100 కిలోఓమ్స్ చూపిస్తుంది, వేళ్లతో పట్టుకుంటే తగ్గుతుంది. వీటికీ బోర్డే మార్చాలన్న ఆచారం ఏమైపోవాలి?

బొద్దింకల సంగతీ ఆలోచించాలి. ఫ్యాన్ సందులోంచి వెళ్లి వెచ్చగా తలదాచుకుని, ఐజీబీటీ కాళ్ల మధ్య ప్రాణాలర్పించి రిపేరు రంగాన్ని పోషిస్తున్న జీవులవి. వంట కాగానే గోడ స్విచ్చి ఆపేసి ఫ్యాన్‌ను మధ్యలోనే నిలిపేసే గృహిణులూ, గృహస్థులూ వాటికి తోడు. ఆ ఫ్యాన్ ఆగేదాకా ఆగాలట! అంత తీరిక ఎవరికుంది?

చివరగా, పాత బోర్డుల్లోంచి పీకిన ఐజీబీటీలకు కొత్త నంబరు ముద్రించి అమ్ముతున్న వ్యాపారుల సేవకు గుర్తింపు రావాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా వెళ్లి కొనే ఘరానా నేరస్థులు మాత్రం కాళ్ల మీద పాత టంకం మరకలు వెతుకుతున్నారు, నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో రుద్ది ముద్ర చెదురుతుందేమో చూస్తున్నారు. ఆ రిమూవర్ అమ్మకాలకు ఆధార్ తప్పనిసరి చేస్తే మంచిది.