చదువరుల బెడద

పుస్తకాలు చదివితే మంచిదన్న విషయంలో మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ పేచీ లేదు. జ్ఞాపకశక్తి పెరుగుతుందట, మాటతీరు మెరుగుపడుతుందట, మనసు కుదుటపడుతుందట, రాత్రి హాయిగా నిద్ర పడుతుందట. ఈ చివరిదానికి నేనూ పూచీ. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో ఇవన్నీ మైకు పెట్టి మరీ చెబుతారు. ఇంత మేలు చేసే పనిని పెద్దవాళ్ళమే చేసుకుంటూ కూర్చుంటే స్వార్థం అవుతుంది. అందుకే మొత్తం పిల్లలకు వదిలేశాం.

అలాగని పెద్దలు ఊరికే లేరు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. కడుతున్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. గుప్తదానం అంటే అదీ. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇక్కడే వాళ్ళకు కాస్త చెయ్యి ఆడదు. పుస్తకాలు కొంటే ఎవరైనా చదువుతారేమోనన్న ముందుచూపు కావచ్చు.

అందరికంటే ఎక్కువ శ్రమ పడేది మాత్రం పుస్తకావిష్కరణ సభల్లో మాట్లాడేవారు. రంగు కాగితం విప్పడం, వేదిక మీదున్నవాళ్ళంతా తలా ఒక ప్రతి గుండెకు ఆనించుకుని ఫొటోకి నిలబడటం అయ్యాక ముఖ్య అతిథి మైకు అందుకుంటారు. "పుస్తకం ఇప్పుడే నా చేతికొచ్చింది. పూర్తిగా చూసే భాగ్యం కలగలేదు. అయినా ఒక్క మాట..." ఆ ఒక్క మాట ముప్పావుగంట నడుస్తుంది. వెనక వరుసలో టీ కప్పులు ఖాళీ అవుతాయి, కవర్లో శాలువాలు ఎన్ని మిగిలాయో నిర్వాహకులు లెక్క చూసుకుంటారు, రచయిత మాత్రం తన్మయత్వంలో ఉంటాడు. ఆ అతిథి మీద నాకెంతో గౌరవం. చదివినవాడు అంత ధారాళంగా మెచ్చుకోలేడు. వాడు లేస్తే "రెండో అధ్యాయంలో చచ్చిపోయిన మేనమామ ఐదో అధ్యాయంలో భోజనానికెలా వచ్చాడండీ?" అంటాడు. సభ పాడవుతుంది.

మన పెద్దలకు ఈ నేర్పు లేకపోయింది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం పెట్టారు. 1914లో ఆ ఊళ్ళోనే గ్రంథాలయాల వాళ్ళందరినీ పిలిచి మహాసభ జరిపారు. అయ్యంకి వెంకటరమణయ్య గారైతే జీవితమంతా ఇదే పనిగా పెట్టుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు ఇంకో అడుగు ముందుకేసి, పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్ళకు పంపారు. పడవలో ధాన్యం వేస్తే నాలుగు డబ్బులొస్తాయి, పుస్తకాలేమిటి? పైగా ఆ కాలువ గట్ల వాళ్ళకు పఠనం వల్ల ఒత్తిడి తగ్గుతుందని గానీ, ఇంటర్వ్యూలో నెగ్గుకొస్తారని గానీ చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఏ లాభం చూసి చదివారో తెలియదు, చదివేశారు.

ఫలితం ఏమైందో తెలిసిందే. చదివినవాళ్ళు ఊరుకోరు. అక్కడ తెల్లదొరలకు తలనొప్పి తెచ్చిపెట్టారు. ఇక్కడ 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం తలుపులు తెరిచాక నైజాంలో ఊరూరా తెలుగు చదువరులు తయారయ్యారు. గ్రంథాలయమంటే ప్రభుత్వం అనుమానంగా చూసేది. ఆ అనుమానం సబబే అనుకుంటాను.

ఇప్పుడా భయం లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి చూడండి, కుర్చీ ఖాళీ ఉండదు. ఉద్యోగ పరీక్షల అభ్యర్థులు పొద్దున్నే వచ్చి సంచి పెట్టి చోటు పట్టుకుంటారు. పుస్తకాలు ఇంటి నుంచే, నీళ్ళ సీసా ఇంటి నుంచే. ర్యాకుల్లోని పుస్తకాలకు ఇసుమంత ఇబ్బంది కలగదు. ఈ పిల్లల్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చింది ఎప్పుడు ఆగుతుందో తెలియని బతుకులవి.

నా ఫిర్యాదల్లా ఏ లాభమూ లేకుండా చదివేవాళ్ళ మీద. పరీక్ష లేదు, ప్రమోషన్ లేదు, ఫలానా వారం లోపు ఇన్ని పుస్తకాలు పూర్తి చేశానని ఫేస్‌బుక్‌లో పెట్టడం కూడా లేదు. బస్సు స్టాపులో ఒంటరిగా నిలబడి, పేజీ చూసి తనలో తనే నవ్వుకునే మనిషిని మీరూ చూసి ఉంటారు. అడిగితే "ఏం లేదండీ, బాగుంది" అంటాడు. ఇలాంటివాళ్ళ వల్లే పఠన ప్రయోజనాల మీద జనానికి నమ్మకం సడలుతోంది. వీళ్ళ దగ్గర సెస్సు రూపాయికి 16 పైసలు గుంజాలి.

వీళ్ళకు ఈ వ్యసనం ఎక్కడ అంటుకుంటుందో కూడా నాకు తెలుసు: పొట్లం కాగితాల దగ్గర. తినుబండారాలు న్యూస్‌పేపర్లో చుట్టొద్దని, సిరాలోని రసాయనాలు ఒంటికి చేటని ఆహార భద్రత వాళ్ళు ఏనాడో హెచ్చరించారు. మా వీధి చివర బజ్జీల బండాయన వింటేనా! మొన్న ఆయనిచ్చిన కాగితంలో ఏదో వారపత్రిక సీరియల్ ముక్క వచ్చింది. పెళ్ళికూతురు పీటల మీంచి లేచి "ఒక్క నిమిషం ఆగండి, ఈయన నాకు" అన్నచోట కాగితం చిరిగి ఉంది. మిగతా సగం ఎవరి మిరపకాయ బజ్జీలతో పోయిందో. కేవలం విచారణ నిమిత్తం ఇంకో ప్లేటు చెప్పాను. అందులో మున్సిపాలిటీ వారి టెండరు ప్రకటన వచ్చింది. దాని గడువు కూడా దాటిపోయింది.