సీసా మీద అంకె చూసి స్కాచ్ కొనకండి

మనవాళ్ళ పార్టీల్లో స్కాచ్ సీసా బయటికి తీయగానే మొదట అడిగేది "ఎన్నేళ్ళది?" అనే. 12 అంటే పర్లేదు, 18 అంటే గొప్ప, 21 అంటే ఇక ఫొటోలే ఫొటోలు. రుచి ఎలా ఉందని అడిగేవాళ్ళు మాత్రం కనపడరు. నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ అంకె చెప్పేది ఒక్కటే, ఆ సీసాలో ఉన్నవాటిల్లో అన్నిటికంటే లేత విస్కీ ఎన్నేళ్ళు పీపాలో ఉందో. అసలు స్కాట్లాండ్‌లో ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉంటేనే దాన్ని స్కాచ్ అననిస్తారు, అందుకు చట్టం ఉంది. రుచి సంగతి వేరే.

స్కాట్లాండ్‌లోని ఐలా దీవినే తీసుకోండి. అక్కడ తయారయ్యే లఫ్రోయిగ్ 10 ఒక పెగ్గు పోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు పొగ, దాని వెనకే అయోడిన్, ఆస్పత్రిలో కట్లు కట్టే గదిలోకి వెళ్ళినట్టు ఉంటుంది. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ కాలుస్తారు, అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న మొక్కల మట్టి, ఆ పొగంతా గింజకి పట్టేస్తుంది. నాలుగు చుక్కల నీళ్ళు వేసి కాసేపు ఆగండి, ఆ పొగ కింద నుంచి తీపి బయటికొస్తుంది. అదే దీవిలో ఉత్తరాన బునహావెన్ అనే డిస్టిలరీ ఉంది, వాళ్ళ 12లో పొగ దాదాపు ఉండదు, అంతకుముందు షెర్రీ అనే వైన్ పట్టిన పీపాల నుంచి వచ్చిన ఎండుద్రాక్ష రుచి నోరంతా పరుచుకుంటుంది. చిన్న దీవి, రెండిటికీ పోలికే లేదు! పైగా పీపాలో ఏళ్ళు గడిచేకొద్దీ పీట్ పొగ మెత్తబడిపోతుంది, కాబట్టి పొగ ఇష్టపడేవాళ్ళు పెద్ద అంకెకి డబ్బు పోస్తే తమకి నచ్చిందే పోగొట్టుకుంటారు.

రంగు చూసి కూడా పడిపోకండి, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

సోడా పోసుకోవడం మీద నాకు ఏ గొడవా లేదు, బ్లాక్ లేబుల్‌లో సోడా చాలా బాగుంటుంది. కానీ ఏళ్ళ తరబడి కష్టపడి చేసిన లఫ్రోయిగ్‌ని కోక్‌లో ముంచేసి "ఇదేంట్రా, మందుల వాసన" అని మొహం చిట్లిస్తే ఎలా?

ఈసారి విదేశాల నుంచి ఎవరైనా వస్తుంటే డ్యూటీ ఫ్రీలో 21 ఏళ్ళది తెమ్మని చెప్పకండి. ఆ డబ్బుకే పొగది ఒకటి, షెర్రీ పీపాది ఒకటి తెప్పించుకుని పక్కపక్కన పోసుకుని చూడండి.