టవర్ సంపు నిండితే, పక్క వీధి నల్లా ఎండుతోంది

2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేటలోని నియోపొలిస్ లేఅవుట్‌లో సర్కారు వేసిన వేలంలో ఎకరం 100.75 కోట్లకు పోయినప్పుడు ఊరంతా ధర గురించే మాట్లాడింది. అక్కడ లేచే టవర్లకు నీళ్లు ఏ లైన్ నుంచి వస్తాయని అడిగినవాళ్లు తక్కువ. మెయిన్ లైన్ పెంచకుండా కొత్త టవర్‌కు కనెక్షన్ ఇవ్వడమంటే, ఆ లైన్ మీద బతుకుతున్న పాత కాలనీ నోటి దగ్గరి నీళ్లు లాక్కోవడమే.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్ర ప్రమాణం. వెయ్యి ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 5,40,000 లీటర్లు. అయినా అసలు దెబ్బ తగిలేది ప్రెషర్‌కు. ఒకే పైపులో ప్రవాహం రెట్టింపైతే రాపిడికి పోయే ప్రెషర్ దాదాపు నాలుగింతలవుతుంది. పైగా టవర్ సంపు నేల కింద ఉంటుంది. చాలా కాలనీలకు నీళ్లు వదిలేదే రోజు విడిచి రోజు. వదిలిన ఆ కాసేపూ లోతున ఉన్న పెద్ద సంపులోకి నీళ్లు సులువుగా జారిపోతాయి. మిట్ట మీద, లైన్ చివర ఉన్న ఇంటిదాకా ఎక్కే బలం వాటికి మిగలదు. ఒక్క అంతస్తు ఇంటికే లైన్‌లో 7 మీటర్ల ప్రెషర్, అంటే నీళ్లను అంత ఎత్తుకు ఎక్కించే బలం ఉండాలి, రెండంతస్తులకు 12. అది పడిపోగానే ఎవరో ఒకరు నల్లాకే మోటారు బిగిస్తారు. ఆ తర్వాత పక్కింటివాళ్లకూ తప్పదు. ఖాళీ లైన్‌ను మోటారు పీల్చినప్పుడు పగుళ్లలోంచి మురుగు కూడా లోపలికొస్తుంది. ఆ నీళ్లే పిల్లలు తాగుతారు. జరిమానా మాత్రం మోటారు పెట్టిన చిన్న ఇంటివాడికి!

కనెక్షన్ చార్జీలు భారీగా కడుతున్నామని, బోర్లు, ట్యాంకర్లు ఉన్నాయని బిల్డర్లు అంటారు. కట్టిన మాట నిజమే. కానీ కట్టిన డబ్బు పైపు కాలేదు కదా. ట్యాంకర్ నీళ్లు మాత్రం ఆకాశం నుంచి పడతాయా? చాలావరకు పక్క ఊరి బోరు ఎండబెట్టి తెచ్చినవే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది సర్కారు తీరు. 2006లో జీవో 86తో ఈ నగరంలో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. ఎన్ని అంతస్తులన్నది రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదిలే ఖాళీ) చూసి తేలుస్తారు. ఆ లెక్కలో నీటి ప్రెషర్‌కు చోటు లేదు. పక్కనే గండిపేట చెరువున్నా, నాగార్జునసాగర్ నుంచి కృష్ణను, ఎల్లంపల్లి నుంచి గోదావరిని వందకు పైగా కిలోమీటర్లు మోసుకొచ్చి బతుకుతున్న నగరం ఇది. అనుమతులిచ్చే ప్రభుత్వమే భూమి అమ్ముకునే యజమానిగా మారితే, అంతస్తులకు అడ్డు చెప్పేదెవరు?

వేలం సొమ్ములో మొదటి వాటా రిజర్వాయర్లకు, మెయిన్ లైన్లకు పోవాలి. ప్రతి లైన్ చివర ప్రెషర్ మీటరు పెట్టి, రీడింగ్‌ను నగరానికి నీళ్లిచ్చే జలమండలి రోజూ జనం ముందు పెట్టాలి. అది 7 మీటర్లకు తగ్గిన చోట, లైన్ బాగయ్యేదాకా ఏ కొత్త టవర్‌కూ ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) ఇవ్వకూడదు.